లేగదూడ మౌనము

ఆవు ఈని కోడెదూడ పుట్టినచో దానికి వేరుగా పేరు వెదకు పని లేని ఇండ్లు వీరశైవులలో అనేకము కలవు. అది బసవడే. బసవ అను మాట వృషభ శబ్దము నుండి కన్నడమున పుట్టినది. పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణమును రచించుచు బసవేశ్వరుని నందీశ్వరుని అవతారముగా కీర్తించెను. కనుక కొట్టములోని లేగదూడకును, కల్యాణ పట్టణమున బిజ్జలుని కొలువులో మంత్రిగా నుండిన మహాపురుషునకును పేరు ఒక్కటే. పండుగనాడు దాని నొసట విభూతి పూసి, మెడలో గంట కట్టి, పిల్లలు దాని ముందు చేతులు జోడింతురు. ఆ విభూతి రేఖలకు ఇరుప్రక్కల, వెండ్రుకల సుడిలో దాగి, రెండు చిన్న కొమ్ము మొలకలు ఉండును. కొన్ని వారముల పిదప ఆ మొలకలపై కాగిన ఇనుము మోపబడును. విభూతి పూసిన చేతులే అప్పుడు దూడను కదలకుండ పట్టుకొనును.

ఇందు క్రొత్తదేమియు లేదు. క్రొత్తగా వచ్చినది మత్తుమందు. పాడి పశువులను పెంచు చోట్ల ఇప్పుడు దూడకు ముందుగా ఒక సూది వేసి, అది సోలి పడుకొనిన పిదప కొమ్ములు కాల్చుటయు, విత్తులు కొట్టుటయు కొంత వాడుకలోనికి వచ్చినది. దూడ తన్నుకొనదు, అరవదు. చూచువారికి ఊరట కలుగును. "మత్తు ఇచ్చి చేయించితిమి, పాపము, దానికేమియు తెలియలేదు" అని గృహస్థుడు తృప్తిపడును. ఆ తృప్తి న్యాయమైనదేనా? బసవేశ్వరుడు దయ లేని ధర్మమును ధర్మముగా అంగీకరింపలేదని ప్రతి వీరశైవ బాలునకును తెలియును. కాని దయ యనగా చూచువాని మనస్సు నొచ్చుకొనకుండుటయా, భరించుదాని దేహము నొవ్వకుండుటయా అని అడిగినచో పెద్దలు సైతము ఒక నిమిషము ఆలోచింపవలసి వచ్చును. ఈ రెండును ఒక్కటేయని సామాన్యముగా తలంతురు. లేగదూడ విషయమున అవి రెండును వేరని తేలుచున్నది.

ముందుగా ఆ పనులు ఎట్టివో స్పష్టముగా చెప్పుకొనవలెను. దూడకు సుమారు రెండు నెలలు వచ్చువరకు కొమ్ము మొలక చర్మములోనే కదలుచుండును. ఆ పిమ్మట పుఱ్ఱె ఎముకకు అతుకుకొనును. అందుచే అతుకక మునుపే, కొన గుండ్రముగా గుంటపడిన ఇనుపకడ్డీని ఎఱ్ఱగా కాల్చి, మొలక చుట్టు అదిమి, అక్కడి చర్మమును పూర్తిగా మాడ్చివేయుదురు. కోడెదూడకు విత్తులు కొట్టుట మరియొకటి. పూర్వము కఱ్ఱల నడుమ బిగించి చితుకగొట్టెడివారు. పశువుల ఆసుపత్రులు వచ్చిన తరువాత బర్డిజో అను పెద్ద పటకారు వచ్చినది. అది పైచర్మము తెగకుండ లోపలి నాళమును నలిపివేయును. నెత్తురు కనబడదు గనుక నొప్పియు తక్కువే యని జనులు నమ్మిరి. కంటికి కనబడని దానిని లేదనుకొనుట ఆనాడే మొదలైనదన్నమాట. ముక్కు కుట్టుట, వాతలు పెట్టుట సరేసరి.

ఇవి క్రూరత్వముచే చేయబడు పనులని చెప్పుట న్యాయము కాదు. ఇఱుకైన షెడ్డులో పది ఆవులు తిరుగాడునప్పుడు ఒకదాని కొమ్ము మరియొకదాని పొదుగును చీల్చును. పాలు పిదుకు ఇల్లాలి కన్ను పోవచ్చును. విత్తులు కొట్టని కోడె కాడికి లొంగుట కష్టము. అయితే కొమ్ముల సంగతిలో ఒక విశేషము గమనింపదగినది. ఒంగోలు, హళ్ళికారు, దేవణి వంటి దేశవాళీ జాతుల కొమ్ములను రైతు ఎన్నడును కాల్చుకొనలేదు. వానిని నునుపుచేసి, రంగు పూసి, ఇత్తడి కుప్పెలు తొడిగి మురిసిపోయెను. దేవణి జాతికి పుట్టినిల్లు లాతూరు, బీదరు ప్రాంతములు. బసవకల్యాణము ఆ బీదరు జిల్లాలోనిదే. జహీరాబాదు, నారాయణఖేడు రైతులకు ఆ తెలుపు నలుపుల ఎద్దులు బాగుగా పరిచితములు. కొమ్ములు కాల్చు పని ప్రధానముగా హోల్‌స్టీన్, జెర్సీ సంకరపు పాడితో పాటు వచ్చినది. కాబట్టి "తాతల నాటి ఆచారము" అను సమాధానము విత్తుల విషయమున చెల్లునేమో గాని, కొమ్ముల విషయమున చెల్లదు.

ఇక మత్తు సంగతి. చిక్కంతయు ఈ మాటలోనే ఉన్నది. తెలుగున మత్తు అను ఒక్క పదము మూడు వేరు వేరు స్థితులకు వాడబడుచున్నది. పన్ను పీకు వైద్యుడు చిగురులో వేయునది మత్తు సూది. కల్లు త్రాగినవాడు అరుగుపై సోలుట మత్తు. పెద్ద శస్త్రచికిత్సకు స్పృహ తప్పించుటయు మత్తే. మొదటిదానియందు తెలివి ఉండును, నొప్పి ఉండదు. మూడవదానియందు తెలివియు నొప్పియు రెండును ఉండవు. రెండవదానియందు మాత్రము కదలిక తగ్గును, మాట తడబడును. వానికి వాత పెట్టినచో కాలకపోదు, నొవ్వకపోదు. దూడకు వేయు సూదిని గూర్చి గృహస్థుడు "మత్తు" అనినప్పుడు అతని మనస్సులో ఉన్నది పంటి వైద్యుని మత్తు. దూడ దేహములోనికి పోయినది తరచుగా రెండవ రకపు మత్తు.

ఆ మందు పేరు జైలజీన్. 1962లో జర్మనీ దేశపు బేయర్ సంస్థ దీనిని తయారుచేసెను. మొదట మనుష్యుల రక్తపోటుకు పనికివచ్చునని ఆశించిరి. పశువులు దీనికి మిక్కిలి సులభముగా లొంగును. బరువు లెక్కన గుఱ్ఱమునకు వాడు మోతాదులో పదియవ వంతు ఆవుకు చాలును. వేసిన కొన్ని నిమిషములకు దూడ తల వాల్చి, చొంగ కార్చుచు, కాళ్ళు మడచి పడుకొనును. ఈ మందునకు నొప్పిని కొంత తగ్గించు గుణము లేకపోలేదు. కాని కాగిన ఇనుము చర్మమును మాడ్చునప్పటి బాధను ఆపుటకు అది చాలదు. బాధ కలిగినప్పుడు రక్తములో పెరుగు కార్టిసాల్ అను హార్మోను సోలిన దూడలోను పెరుగును. లేచి పరుగెత్తుటకు, అరచుటకు దానికి శక్తి మాత్రము ఉండదు.

నొప్పిని నిజముగా ఆపునది వేరొక మందు, లిగ్నోకెయిన్. స్వీడన్ దేశమున నిల్స్ లోఫ్‌గ్రెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1943లో దీనిని సిద్ధము చేసెను. పంటి వైద్యుడు వాడునది ఇదియే. దూడ కంటి వెనుక మూలకును, కొమ్ము మొదటికిని నడుమ ఒక ఎముక గట్టు చేతికి తగులును. కొమ్మునకు స్పర్శ నిచ్చు నరము ఆ గట్టు క్రిందుగా పోవును. పశువైద్యుడు అక్కడ ఇరుప్రక్కల కొన్ని మిల్లీలీటర్ల మందు ఎక్కించి, అయిదు పది నిమిషములు ఆగి, మొలక చుట్టును సూదిమొనతో గుచ్చి చూచును. దూడ తల విదల్చకున్నచో నరము మొద్దుబారినదని అర్థము. విత్తులు కొట్టునప్పుడును ఆ చోటనే ఈ మందు ఎక్కింపవచ్చును. దీని బలము ఒకటి రెండు గంటలు. అది దిగిపోవు వేళకు గాయపు బాధ అసలు రూపమున మొదలగును. అందుచే వాపును నొప్పిని తగ్గించు మెలాక్సికామ్ వంటి మందును కూడ ముందే వేయుదురు. దాని గుణము ఒకటి రెండు దినములు నిలుచును. (ఈ మెలాక్సికామ్ విషయమున ఒక ప్రక్క మాట. పూర్వము పశువులకు డైక్లోఫినాక్ వేసెడివారు. అట్టి పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులు గుంపులుగా చచ్చెను. భారత ప్రభుత్వము 2006లో దానిని పశువైద్యమున నిషేధించెను. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలినందున దాని స్థానమున ఇది వచ్చినది. ఒక జీవికి చేయు ఉపకారము ఎంత దూరము పోయి ఎవరిని తాకునో చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.)

మౌనమును సుఖమని పొరబడుట పశువుల పట్ల మాత్రమే జరిగినది కాదు. మనుష్య శిశువుల పట్లను జరిగినది. 1980ల నడుమ వరకు పాశ్చాత్య దేశముల గొప్ప ఆసుపత్రులలో సైతము, నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్స చేయునప్పుడు, కండరములను కదలనీయని మందు ఇచ్చి, నొప్పిని ఆపు మందును అసలే ఇయ్యకయో, చాలీచాలక ఇచ్చియో పని ముగించు వాడుక ఉండెను. శిశువు నాడీమండలము ఇంకను పండలేదనియు, బలమైన మందు ప్రాణాపాయకరమనియు వైద్యుల వాదము. కత్తి కోయుచుండగా శిశువు కదలలేదు గనుక దానికి బాధ లేదని వారికి తోచెను. కదలకుండ చేసినది తామేయను సంగతి మరుగున పడెను. ఆక్స్‌ఫర్డులో పనిచేసిన కన్వల్‌జీత్ ఆనంద్ అను భారతీయ వైద్యుడు, సహచరులతో కలసి, అట్టి శిశువుల రక్తములోని మార్పులను కొలిచి 1987లో ప్రకటించెను. నొప్పిని ఆపు మందు పొందిన శిశువులలో ఆ మార్పులు చాల తక్కువ. వారు కోలుకొనుటయు మేలుగా నుండెను. ఆ సంవత్సరమే అమెరికా శిశువైద్యుల సంఘము శిశువులకును తగిన మత్తు ఇయ్యవలెనని చెప్పెను. ఆ వైద్యులు నిర్దయులు కారు. తమ బిడ్డల వంటి బిడ్డలనే వారు కోసిరి. అయినను చూపు మోసగించెను. తల్లిదండ్రులున్న శిశువు విషయముననే ఇట్లు జరిగినప్పుడు, దూడ విషయమున జరుగుటలో వింత లేదు.

బసవేశ్వరుని వచనములలో ఒక మేక కనబడును. బలికొఱకు తేబడిన ఆ మేక, పండుగకు కట్టిన తోరణపు ఆకులను మేయుచుండును. తన్ను చంపబోవు సంగతి దానికి తెలియదు. ఆ వచనమును చదివినవారు సాధారణముగా బలిని ఖండించుటనే అందు చూతురు. అది నిజమే. కాని ఆ మేకను చూచిన కన్ను ఎట్టిదో కూడ ఆలోచింపవలెను. అక్కడ మేక అరవలేదు, తన్నుకొనలేదు, హాయిగా ఆకులు నములుచున్నది. చూచువారికి ఏ బాధయు కలిగింపలేదు. అయినను బసవన్న హృదయము కదలెను. మేక అరపు ఆయనను కదిలింపలేదు, మేక స్థితి కదిలించెను. ఇదియే దయకు గుర్తు. అరపు విని కలుగు కలవరము వేరు. అది చెవికి సంబంధించినది, చెవులు మూసికొనినచో తీరిపోవును. దూడకు సోలింపు మందు మాత్రము వేసి ఇనుము మోపినప్పుడు తీరినది ఈ చెవి కలవరమే. మందు ఎక్కినది దూడకు, గుణము కనబడినది యజమానునకు.

వీరశైవ ధర్మము అంతరంగశుద్ధిని, బహిరంగశుద్ధిని రెంటిని కోరును. బయట శుభ్రముగా కనబడి లోపల చెడియున్నదానిని శరణులు ఎన్ని మారులు ఎత్తిచూపిరో చెప్పనక్కరలేదు. సోలిన దూడ దగ్గర బహిరంగము ప్రశాంతముగా ఉన్నది. అంతరంగము, అనగా దూడ అంతరంగము, మండుచున్నది. శుద్ధి లెక్కింపవలసినది ఏ అంతరంగమున?

దీనికి పెద్దలు కొందరు చెప్పు సమాధానము ఒకటి కలదు. మూగజీవికి ఆ బాధ క్షణకాలము. మరునాడు గంతులు వేయును. మనుష్యుని వలె అది తలచుకొని ఏడ్వదు అని. ఈ వాదమున కొంత బలము ఉన్నట్లు కనబడును. అయితే 2013లో కెనడా దేశమున పాడిదూడలతో ఒక పరీక్ష చేసిరి. తెరపై ఒక రంగు కనబడినప్పుడు దగ్గరకు పోయినచో పాలు దొరకుననియు, మరియొక రంగు కనబడినప్పుడు దొరకవనియు దూడలకు నేర్పిరి. పిమ్మట ఆ రెంటికిని నడిమి రంగులను చూపిరి. కొమ్ములు కాల్చక మునుపు నడిమి రంగును చూచి ఆశతో ముందుకు పోయిన దూడలే, కాల్చిన పిదప ఎక్కువగా వెనుకకు తగ్గినవి. అనగా గాయపు నొప్పి నుదుట మాత్రమే నిలువలేదు. పాలు దొరకునేమో యను ఆశను కూడ తగ్గించెను. మరునాడు గంతులు వేయుట నిజమే కావచ్చును. కాని ఆ నొప్పికి దూడ లోకము కొంతసేపు చీకటి పడినదను మాటయు నిజము.

మరికొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారి పట్టుదురు. మొద్దుబార్చినను, సోలించినను, ఒక జీవిని అంగహీనము చేయుటకు మనుష్యునకు అధికార మెక్కడిది అని వారు అడుగుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. తమిళదేశపు పురాతనులలో చండేశుడు బాలుడై యున్నప్పటి కథ ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. ఈనిన ఆవు ఒకటి కొమ్ముతో కుమ్మబోగా గోపాలుడు దానిని కఱ్ఱతో చావమోదెను. అది చూచిన ఆ బాలుడు వానిని ఆపి, ఆ దినము మొదలు ఆవులను మేపు పనిని తానే చేపట్టెను. గమనింపవలసిన దేమనగా, అతడు ఆవు కొమ్ములను గూర్చి ఫిర్యాదు చేయలేదు, కాపరిని మార్చెను. కొమ్ము పోటునకు భయపడి కొమ్మును తీయవలెనని తలచుట ఒక దారి, పశువునకు చోటును కాపరిని సరిగా ఏర్పరచుట మరియొక దారి. పుట్టుకతోనే కొమ్ములు రాని ఆబోతుల వీర్యము పశుశాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. ఆ సంతతికి ఇనుముతో పని లేదు. దున్నుట ట్రాక్టరు పాలైన ఊళ్ళలో విత్తులు కొట్టుట యొక్క అవసరము కూడ తగ్గినది. మొదట అడుగవలసిన ప్రశ్న "మత్తు ఏది" అని కాదు, "ఈ పని ఎందులకు" అని.

అయితే అంతటితో ఊరకుండినచో మరియొక అన్యాయము మరుగున పడును. కాడికి పనికిరాని కోడెదూడను పాలు పట్టక ఎండగట్టుటయు, సంతలోనో రోడ్డుపైననో విడిచిపెట్టుటయు నేడు కండ్లయెదుట జరుగుచున్నవి. దూడ కొమ్ములకు ఇనుము తగులనీయనని గర్వించు ఇంటిలోనే కోడెదూడ ప్రక్కటెముకలు లెక్కపెట్టుటకు వీలుగా ఉండవచ్చును. అంతకంటె, పనికివచ్చునట్లు చేసి కడుపార మేపి, కాయకమున తోడు చేసికొనిన రైతు మేలు. కల్యాణమున పశువులను కాచుటయే కాయకముగా గలిగిన తురుగాహి రామణ్ణ శరణుడుగా గౌరవింపబడెను. కాయకమున కాపరి మాత్రమే గాక పశువు కూడ శ్రమించును. శ్రమలో పాలుపంచుకొనుదానికి ఉపశమనమున పాలు లేకుండుట సదాచారము కానేరదు.

చట్టము ఈ విషయమున చిరకాలము ఒక కన్ను మూసికొని యుండెను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, పదునొకండవ విభాగమున, హింసయనగా ఏమేమో వరుసగా చెప్పి, చివర ఆవుల కొమ్ములు తీయుట, విత్తులు కొట్టుట, వాత వేయుట, ముక్కుతాడు వేయుట నిర్ణీత పద్ధతిలో చేసినచో హింస కాదని మినహాయించెను. పశుపోషణ పనులకు ఆ పద్ధతిని చెప్పు నియమములు 2023లో వచ్చెను. ఈ పనులు రిజిస్టరైన పశువైద్యుని చేతిమీదుగా, నొప్పి తెలియనీయని మందుతో జరుగవలెననియు, ముక్కుతాడునకు బదులు ముఖమునకు తగిలించు తాడును వాడవలెననియు, సజీవమైన చర్మముపై వాతలు వేయరాదనియు అవి చెప్పుచున్నవి. న్యూజీలాండు దేశమున 2019 అక్టోబరు నుండి కొమ్ములు కాల్చు ప్రతి దూడకును నొప్పి మందు తప్పనిసరి.

వాత మాట వచ్చినది గనుక మఠములకు సంబంధించిన ఒక సంగతిని దాటిపోరాదు. శివుని పేర ఆబోతును విడుచునప్పుడు తొడపై కాల్చిన అచ్చు వేయుట తెలుగుదేశమున పాత ఆచారము. అచ్చుపోసిన ఆంబోతు అను లోకోక్తి అందుండి పుట్టినదే. ఇందు బాధించువాడు రైతు కాడు, భక్తుడు. కారణము లాభము కాదు, శివుడు. వీరశైవ దీక్షలో గురువు శిష్యుని అరచేతిలో ఇష్టలింగమును ఉంచును. చర్మమును కాల్చుట ఆ దీక్షలో లేదు. మనుష్యునకు కాల్పు లేకయే లింగధారణము సిద్ధించినప్పుడు, నందికి మాత్రము కాల్పు ఎందులకు? గుర్తే కావలసినచో, ప్రభుత్వము పశువుల చెవికి వేయు పండ్రెండు అంకెల బిళ్ళ కలదు. చెవి కుట్టుటయు నొప్పియే గాని, తొడ కాల్చుటతో దానికి సాటి లేదు.

ఇంత చెప్పిన పిమ్మట సోలింపు మందును నిందింపవలెనని కొందరికి తోచవచ్చును. అది పొరపాటు. నొప్పి యొక బాధ, భయము మరియొక బాధ. నలుగురు మగవారు దూడ కాళ్ళు కట్టి, మెడపై మోకాలు పెట్టి, తల నేలకు అదిమినప్పుడు, ఇనుము తాకక మునుపే దాని గుండె దడదడ కొట్టుకొనును. స్పర్శ పోగొట్టు సూదిని వేయించుకొనుటకు కూడ దానిని అట్లే పట్టవలసి వచ్చును. జైలజీన్ ఆ భయమును తీర్చును; వైద్యుని చేతికి స్థిరత్వము నిచ్చును. భయమునకు అది, ఆనాటి నొప్పికి లిగ్నోకెయిన్, మరునాటి నొప్పికి మెలాక్సికామ్: మూడును కలసినప్పుడు మొదటిదానికి గౌరవము. ఒంటరిగా వచ్చినప్పుడు అది నోరు కట్టు గుడ్డ వంటిది. దానియందు అపాయములును కలవు. పొట్ట ఉబ్బవచ్చును, ఊపిరి మందగింపవచ్చును, లేత దూడ ఒళ్ళు చల్లబడవచ్చును. అందుచే దూడను ప్రక్కకు పడనీయక రొమ్ముపై కూర్చుండబెట్టి, నీడను ఉంచి, తేరుకొనువరకు ఒకరు దగ్గర ఉండవలెను. మోతాదును ఊరి అనుభవజ్ఞుడు కాక వైద్యుడే నిర్ణయింపవలెను.

వ్యయము మాట. లిగ్నోకెయిన్ వెల గృహస్థుని అడ్డగించునంతటిది కాదు. అడ్డగించునది ఆ పది నిమిషముల నిరీక్షణము. ఒక్క పశువైద్యుడు అనేక గ్రామములు తిరుగవలసి యున్నది. ఒక పెరటిలో నాలుగు దూడలు కట్టివేసి యుండును. ఇనుము కాగి యుండును. వేరొక ఊరినుండి ఫోను మ్రోగుచుండును. సూది వేసిన మరుక్షణమే ఇనుము మోపినచో వేసిన మందు వ్యర్థము. ఆ తొందరలో వైద్యునితో "ఆగుము, గుచ్చి చూడుము" అని చెప్పగలవాడు దూడ యజమానుడు ఒక్కడే. ఇది చిన్న మాటగా కనబడును. చదువుకొనిన వైద్యుని ముందు పల్లెటూరి రైతునకు అది చిన్న మాట కాదు. మఠముల గోశాలలు ఇందు తోడ్పడవచ్చును. దాసోహము నడపు మఠము, సంవత్సరమున ఒకటి రెండు మారులు చుట్టుప్రక్కల దూడలను ఒకచోట చేర్చి, వైద్యుని రప్పించి, తొందర లేని ఒక దినమును ఆయనకు కల్పించినచో, ఆ దినము దాసోహములోనిదే యగును. అన్నము వడ్డించు చేతికి దూడ తల పట్టుకొని పది నిమిషములు కూర్చుండుట భారము కాదు.

మందు దిగు వేళ సాధారణముగా సాయంకాలమగును. దూడ లేచి నిలుచును గాని తల విదల్చును, చెవులు మాటిమాటికి ఆడించును, వెనుకకాలితో నుదుటిని గోకుకొనబోవును. కొన్ని దూడలు తల్లి పొదుగు దగ్గరకు పోయి, నుదురు తగులునని వెనుదీయును. అప్పుడు అరుపు ఉండదు. చూచువారు లేనిచో అది ఎవరికిని తెలియదు. ఆ రాత్రి గృహస్థుడు లింగపూజకు కూర్చుండుటకు మునుపు, టార్చిలైటు తీసికొని కొట్టములోనికి పోయి, దూడ పాలు త్రాగినదో లేదో, చెవులు ఎట్లు పెట్టుకొని యున్నదో చూచి రావలసి యుండును. త్రాగకున్నచో గిన్నెలో పాలు పట్టి, వైద్యుడు ఇచ్చిపోయిన రెండవ మోతాదు సంగతి ఉదయమునకు గుర్తు పెట్టుకొనవలసి యుండును.